ఒకే తుఫాను

ఆ ఆఫీసులో పనంతా సముద్రం గురించే. అయినా సముద్రంలో కాలు తడుపుకున్నవాడు అక్కడ ఒక్కడూ లేడు. పదకొండో అంతస్తులో, కిటికీలు తెరుచుకోని హాల్లో, నలభై మంది కుర్చీలకి అతుక్కుపోయి పొద్దస్తమానం తుఫాన్లు పుట్టిస్తుంటారు. భోజనం వేళకి తుఫాను ఆపి డబ్బాలు విప్పుకుంటారు, తిన్నాక మళ్లీ మొదలెడతారు. గాలి ఎక్కువైందని ఎవరైనా అన్నారంటే ఏసీ గురించే.

వాళ్లు చేసే పని నడిసముద్రంలో తేలే గాలిమరలకి లంగరు తాళ్లు లెక్కగట్టడం. లోతు మరీ ఎక్కువైన చోట గాలిమరని నేలలో పాతడం కుదరదు. అందుకని ఒక పెద్ద ఇనుప తెప్ప మీద దాన్ని నిలబెట్టి, ఆ తెప్పని మూడు వైపులా మూడు తాళ్లతో సముద్రం అడుక్కి కట్టేస్తారు. తాడంటే బట్టలారేసేది కాదు, ఉక్కు పోగులు పేనిన తాడు, మనిషి తొడంత లావుంటుంది. అది ఎంత లావుండాలి, ఎంత పొడుగుండాలి, ఎంత తుఫానుకి ఓర్చుకుంటుంది అన్నది ముందే కంప్యూటర్లో తేల్చుకోవాలి. తాడుని కంప్యూటర్లో వంద ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో స్ప్రింగు అనుకుని, దాని మీదకి అలల్ని వదులుతారు. దానికి మోడల్ అని పేరు. ముక్కలు వంద, అలలు వేలు, అనుమానాలు మాత్రం సున్నా.

అనుమానాలు పడే బాధ్యత మొత్తం హాలు చివరి బల్లది. అక్కడ కూర్చునేది ఎర్రపెన్ను. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది కానీ దాంతో ఎవరికీ పనిలేదు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివర, మాట నాలుక చివర. ఎవరు ఏ లెక్క చేసినా చివరికి ఆవిడ చేతిలోంచి పోవాలి, ఆవిడ పరిశీలించి సంతకం పెడితేనే తాడు ఫ్యాక్టరీకి వెళ్తుంది. తప్పున్న చోట ఎర్ర సిరాతో చుట్టి, పక్కన ఒక వాక్యం రాసేది. "రంగులు బాగా కుదిరాయి, లెక్క కుదరలేదు" అని ఒకడికి. "ఈ తాడు మీ మీద గౌరవంతో తెగలేదా?" అని ఇంకొకడికి. ఆ వాక్యం పడ్డవాడు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగేవాడు. మూడోరోజు మళ్లీ అదే తప్పుతో వచ్చేవాడు, అది వేరే సంగతి.

నిజం చెప్పొద్దూ, ఆవిడకి తప్పు పట్టడం పని మాత్రమే కాదు, అందులో రుచి కూడా ఉండేది. బాగా కుదిరిన వాక్యాన్ని పొద్దున రాసి, మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివి వినిపించి, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లేది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. చెప్పులు విప్పకముందే అడిగేవాడు, "ఇవాళ ఎంతమందిని ఏడిపించావు?" అని.

"ఇద్దరినే. మూడోవాడు సెలవు పెట్టాడు."

కింది వాటాలో ఆవిడ తమ్ముడుండేవాడు. పదహారేళ్ల చిన్న, చంకనెత్తుకుని పెంచిందావిడే. ఆ ఇంటికంతటికీ సముద్రం ముఖం ఎరిగినవాడు అతనొక్కడే. నీళ్లలో నాలుగేళ్లుగా నిలబడి ఉన్న ఏడు గాలిమరల మీద అతనికి మరమ్మతు పని. పడవలో వెళ్లి రెండు వారాలు వాటి మీదే ఎక్కి దిగి, మిగతా రెండు వారాలు ఇంట్లో ఉంటాడు. ఆ ఏడింటి తాళ్లూ అక్క ఆఫీసులో లెక్కగట్టినవే, కింద పరిశీలకురాలి సంతకం అక్కదే. ఇంట్లో ఉన్న ఆదివారాలు మధ్యాహ్నం పైకి వచ్చి టీ తాగేవాడు. ఆవిడ చెప్పేది, అతను వినేవాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న ఏర్పాటే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

ఇలా ఉండగా ఆఫీసుకి పెద్ద పనొకటి వచ్చింది. ఏడు కాదు, నలభై గాలిమరలు. విభాగం పెద్ద కాలరెగరేశాడు. ఆయన్ని అందరూ రంగుల సారు అంటారు, ఎందుకంటే ఏ చిన్న విషయమైనా ఆరు రంగుల గ్రాఫు లేకుండా ఆయన నోట రాదు. తన భార్యతో మాట్లాడేటప్పుడు కూడా ఒక గ్రాఫు వేసుకునే వెళ్తాడని హాల్లో అనుకునేవారు. ఆయన మీటింగు పెట్టి గోడ నిండా బొమ్మ వేశాడు.

"చూడండి. ఆరు తుఫాన్లు వదిలాం. ఆరు సార్లూ తాడు మీద పడిన లాగుడు దాదాపు ఒకటే. వెంట్రుకవాసి తేడా. ఇంత నిలకడ ఇంకెవరికైనా వస్తుందా? తాడు ఇంకొంచెం సన్నం చేసినా తట్టుకుంటుంది."

నలభై తలలూ ఊగాయి. ఆరు తుఫాన్లు అచ్చం ఒకలాగే లాగాయంటే మామూలు మనిషికి వచ్చే అనుమానం చదువుకున్నవాళ్లకి రాలేదు. సముద్రం ఆరుసార్లు ఒకే మాట మీద నిలబడిందంటే ఎక్కడో ఏదో బెడిసిందని ఎవడికీ తట్టలేదు. పైగా దాన్ని గొప్పగా చెప్పుకుని, రిపోర్టు అట్ట మీద వేయించుకోవాలనుకున్నారు. అది ఈ తరహా మనుషులకే సాధ్యమైన మురిపెం.

ఎర్రపెన్నుకి కూడా అప్పుడు తట్టలేదు. ఆ మాట దాచడం న్యాయం కాదు.

తట్టింది మర్నాడు, లెక్క తన బల్ల మీదకి వచ్చాక. తాడు మీద అన్నిటికన్నా పెద్ద లాగుడు ఎప్పుడు పడిందో చూసింది. తుఫాను మొదలైన గంటా పది నిమిషాల పదిహేడో సెకనుకి. రెండో తుఫానులో చూసింది. గంటా పది నిమిషాల పదిహేడో సెకను. మూడోదాంట్లో పద్దెనిమిది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. గ్రాఫులో ఆ అల ఆకారం ఎక్కడో చూసినట్టుంది. ముందు చిన్న గుంట, తర్వాత నిటారుగా లేచి, ఒక భుజం కొంచెం వాల్చి దిగిపోయే అల. "ఈ అల నాకు తెలుసు" అనుకుంది. నాలుగేళ్ల కిందటి ఏడు గాలిమరల ఫైలు తెరిస్తే అందులోనూ అదే భుజం, అదే సెకను. వేరే సముద్రం, వేరే లోతు, వేరే గాలి. అల మాత్రం మక్కీకి మక్కీ అదే. గాలి కాస్త మారినందువల్ల వచ్చిందే ఆ వెంట్రుకవాసి తేడా.

కంప్యూటరు తుఫాను ఎలా పుట్టిస్తుందో ఇక్కడ చెప్పాలి. దానికి మొదట ఒక అంకె ఇవ్వాలి. సీడ్ అంటారు. ఆ అంకెని పట్టుకుని అది మూడు గంటల అలల్ని వండి వడ్డిస్తుంది. అంకె మారిస్తే తుఫాను మారుతుంది. అదే అంకె ఇస్తే ఒక్క నురగ బొట్టు తేడా లేకుండా అదే తుఫాను. అందుకే ఆరు తుఫాన్లు కావాలంటే ఆరు అంకెలివ్వాలి. ఈ ఆఫీసులో ప్రతి కొత్త పనికీ పాత నమూనా ఫైలుని నకలు తీసుకుని మొదలెడతారు. నకలుకి నకలు, దానికి ఇంకో నకలు. ఆ నమూనాలో ఆరు చోట్లా ఒకే అంకె కూర్చుని ఉంది. అంటే ఇన్నేళ్లుగా, ఇంతమంది, ఇన్ని సముద్రాలకి, ఒక్క తుఫానునే తిప్పి తిప్పి వాడారు. ఆ ఒక్క అలని తట్టుకునేలా తాళ్లు నేశారు, అదేదో సముద్రం తమకి రాసిచ్చినట్టు.

ఎవడా ప్రబుద్ధుడు అనుకుంటూ ఆవిడ నమూనా మొట్టమొదటి ప్రతిని వెతికి తీసింది. వెతుకుతున్నంతసేపూ రాయాల్సిన వాక్యం మనసులో తయారవుతూనే ఉంది. ఫైలు తెరుచుకుంది. పందొమ్మిదేళ్ల కిందటిది. సీడ్ ఉండే వరసలో ఐదంకెల సంఖ్య. దాని పక్కన చిన్న గమనిక: "తాత్కాలికం. తర్వాత మార్చాలి."

ఆ ఐదంకెలు ఆవిడ కాలేజీ రోల్ నంబరు.

అప్పుడు ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. పరీక్షించేటప్పుడు ప్రతిసారీ అలలు మారిపోతుంటే తప్పెక్కడుందో దొరకడం లేదని, ఒక్క సాయంత్రానికి అలల్ని ఆ అంకెకి కట్టిపడేసింది. రేపొచ్చి తీసేద్దాం అనుకుంది. ఆ రేపు పందొమ్మిదేళ్లు సాగింది.

మొదట ఆవిడకి వచ్చిన ఆలోచన ఏమంత గొప్పది కాదు. ఆ అంకె ఎవరిదో లోకంలో తనకి తప్ప ఎవరికీ తెలీదు. ఫైలు మూసి, నీళ్ల డబ్బా దగ్గరికి వెళ్లి రెండు గ్లాసులు తాగింది. ఇంతకాలం ఒక్కొక్కడి మొహం మీద కొట్టినట్టు రాసిన వాక్యాలన్నీ వరసకట్టి వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఏ ఒక్కటైనా తనకి సరిగ్గా సరిపోయేది. అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. గురువారం అతను పడవెక్కుతున్నాడు. గాలులు ముదిరే రోజులు, ఆ ఏడు గాలిమరల మీద పద్నాలుగు రోజులు. ఆ తాళ్లు నిజంగా ఎన్ని అలలకి ఓర్చుకుంటాయో ఆ క్షణాన ఎవరికీ తెలీదు.

బల్ల దగ్గరికి వచ్చి ఆ ఏడింటి మీదకీ ఇరవై కొత్త అంకెలతో ఇరవై కొత్త తుఫాన్లు వదిలింది. మంగళవారం మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. పాత తుఫానులో పెద్ద అల ఎప్పుడూ ఒంటరిగా వచ్చేది. కొత్తవాటిలో మూడు తుఫాన్లలో పెద్ద అలలు జంటగా వచ్చాయి. మొదటి అలకి తెప్ప వెనక్కి తగ్గి తాడు వదులవుతోంది. అది సర్దుకునేలోపే రెండోది వచ్చి ఒక్కసారిగా లాగుతోంది. ఆరు గాలిమరలు ఎలాగో గట్టెక్కాయి. నాలుగోదాని మూడు తాళ్లలో ఒకదాని మీద పడ్డ లాగుడు ఓర్చుకోవాల్సిన దానికి ఒకటిన్నర రెట్లుంది.

కాగితాలు పట్టుకుని రంగుల సారు గదిలోకి వెళ్లింది. ఆయన చివరిదాకా విన్నాడు. గ్రాఫుల్లో రంగులు లేవని కాస్త నొచ్చుకున్నాడు కూడా.

"మేడమ్, ఆ ఏడూ నాలుగేళ్లుగా నిలబడే ఉన్నాయి కదా?"

"విరిగేదాకా కుర్చీ కూడా నిలబడే ఉంటుంది సార్."

"సరే, కొత్తదానికి అంకె మార్చేద్దాం. పాతవి ఎందుకు కెలకడం? మూసేసిన ఫైళ్లు." ఆయన కాసేపు పెన్ను తిప్పి, మెత్తగా నవ్వాడు. "వాటిని తెరవాలంటే పరిశీలించినవాళ్లు తమ సంతకం వెనక్కి తీసుకోవాలి. తప్పు ఎవరిదో కూడా రాయాలి. సంతకం మీదే. ఇన్నేళ్లూ అందరికీ మీరు పెట్టిన ఎర్రపెన్ను మీ మీద మీరే పెట్టుకోవాలి. ఆలోచించుకోండి మేడమ్. తొందరేం లేదు."

తొందర ఉంది, గురువారం ఎల్లుండే. అది ఆయనకీ తెలుసు. పడవలు వెళ్తున్నాయని ఆయన బల్ల మీది క్యాలెండర్లోనే రాసి ఉంది. మనుషులు ఎక్కేది అక్కడ, ఆలోచించుకునేది ఇక్కడ. మధ్యలో ఇలాంటివాళ్లు పెన్నులు తిప్పుకుంటూ కూర్చుంటారు. వాళ్ల కుర్చీలకి మాత్రం ఏ తుఫానులోనూ ఏమీ కాదు.

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి పావుగంటలో ఉత్తరం రాసింది. సీడ్ నేను పెట్టాను, తీయడం నేను మర్చిపోయాను, ఏడు గాలిమరల లెక్కని పరిశీలించి కూడా నేను గమనించలేదు, సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, నాలుగోదాని మీదకి మనుషుల్ని పంపొద్దు. ఇంతే. రంగుల సారుకీ, గాలిమరల యజమానులకీ, పడవల ఆఫీసుకీ ఒకేసారి పంపించింది. బుధవారం పొద్దున్నే పడవలు ఆపేశారు.

హాల్లో ఆ రోజు ఎవరూ తుఫాను వదల్లేదు. ఆవిడ చేతిలో మాటపడ్డవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి పరామర్శించారు. "అయ్యో మేడమ్, ఎవరికైనా జరుగుతుంది" అని మొహాలు వేలాడేసుకుని చెప్పి, గుమ్మం దాటగానే పళ్లికిలించారు. వాళ్లని తప్పుపట్టడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. రంగుల సారు ఆ వారంలోనే నమూనా ఫైలు సరిచేయించాడు. పాత అంకె తీసేసి, ఆరు చోట్లా కొత్త అంకె పెట్టించాడు. ఆరు చోట్లా ఒకే కొత్త అంకె. ఆవిడ వెళ్లి ఆరూ వేరువేరుగా ఉండాలని చెప్తే, "అలా చేస్తే ఫలితాల్లో నిలకడ పోతుంది కదా మేడమ్" అన్నాడు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చివరికి ఆరు రంగులు వేసి చూపించాల్సి వచ్చింది.

నాలుగోదాని ఆ తాడు పైకి లాగి చూశారు. తెప్పకి బిగించిన చోట, పైకి కనపడకుండా, ఉక్కు పోగులు మూడో వంతు తెగిపోయి ఉన్నాయి. తాడు మార్చారు. ఎవరూ చావలేదు కాబట్టి ఎవరూ దీని గురించి మాట్లాడలేదు. రంగుల సారు మాత్రం తర్వాతి మీటింగులో "మన ముందుచూపు" అని ఒక బొమ్మ వేశాడు.

తాడు మార్చే పనిలో ఉండి తమ్ముడు మూడు ఆదివారాలు పైకి రాలేదు. నాలుగో ఆదివారం వచ్చాడు. మర్నాటి నుంచి మామూలు మరమ్మతు పడవలు మళ్లీ మొదలు. ఆవిడ టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పింది. రోల్ నంబరు సంగతి చెప్పింది, జంట అలల సంగతి చెప్పింది, సంతకం వెనక్కి తీసుకున్నది చెప్పింది. తప్పు ఒప్పుకున్నవాళ్లకి కూడా ఒక గర్వం ఉంటుంది, అది మిగతా గర్వాలకన్నా ఏమీ తక్కువ తినదు. తమ్ముడు నోరారా ఒక మాటంటాడేమోనని ఆవిడ చూసింది. బతికించావక్కా అనకపోయినా, అలాంటిదేదో.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు.

"నాలుగోదాని కుదుపు సంగతి మాకు మూడేళ్ల నుంచీ తెలుసక్కా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పాం. రాసి పంపాం. రెండు పెద్ద అలలు వెంటవెంటనే వస్తే రెండోదానికి తాడు లాగి కొడుతోంది, పైన నిలబడ్డవాళ్ల మోకాళ్లకి తెలుస్తోంది అని. పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. మీ ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది."

"ఏమని?"

అతను గోడకేసి చూస్తూ తడుముకోకుండా చెప్పాడు. "మోడల్‌లో అలాంటి కుదుపు లేదు. మోకాళ్లు కొలత పరికరాలు కావు. సిబ్బందికి నిద్ర సరిపోతోందో లేదో చూసుకోగలరు." అక్క వైపు తిరిగి అన్నాడు, "కింద నీ సంతకం."

ఆ పదకొండు మంది పంపిన రిపోర్టు ఆవిడకి అప్పటికీ గుర్తు రాలేదు. మోకాళ్ల వాక్యం మాత్రం వెంటనే గుర్తొచ్చింది. అది బాగా కుదిరిన వాక్యం. భోజనాల దగ్గర చదివితే నలుగురికి పొలమారింది. ఆ సాయంత్రం భర్తకి కూడా చెప్పింది. లోపలి గదిలో గడియారం విప్పుకుని కూర్చున్న ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"నాతో ఎందుకనలేదురా? ప్రతిసారీ ఇక్కడే కూర్చుంటావు కదా. ఒక్క మాట అనొచ్చు కదా."

"అన్నాను కదక్కా. పదకొండు సంతకాల్లో మూడోది నాది. నువ్వు చూళ్లేదు." అతని గొంతులో కోపం లేదు. ఉన్నా ఆవిడకి బాగుండేది. "ఆ కాగితం రేవులో మా షెడ్డులో గోడకి అంటించే ఉంది. పడవెక్కే ముందు ఎవడో ఒకడు దాన్ని పైకి చదువుతాడు. నిద్ర సరిపోయిందా అని ఒకళ్లనొకళ్లు అడుక్కుని నవ్వుకుంటాం. నేనూ నవ్వుతాను. ఆ సంతకం మా అక్కదని అక్కడ ఎవరికీ తెలీదు. మూడేళ్లయింది, చెప్పలేదు."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా తన గొప్పే అవుతుందేమోనని ఆపుకుంది. ఈ పిల్లాణ్ని చంకనెత్తుకుని తిరిగినదాన్ని, వీడి సంతకం పోల్చుకోలేకపోయానని సిగ్గేసింది. ఆ సిగ్గు ఫైల్లో రోల్ నంబరు చూసినప్పటి సిగ్గుకన్నా పెద్దది.

"రేపు నేనూ వస్తాను," అంది. "షెడ్డుకి. ఆ కాగితం నేను చదువుతాను. చదివాక నేనెవరో కూడా నేనే చెప్తాను."

"వాళ్లు ఊరుకోరక్కా. నోటికొచ్చినట్టు అంటారు."

"అననీ. వింటాను."

తమ్ముడు వద్దనలేదు. మిగిలిన టీ తాగేసి లేచాడు. పడవ పొద్దున ఏడింటికి బయల్దేరుతుందని, ఆరున్నరకల్లా కిందికి దిగమని చెప్పి వెళ్లాడు.